విచారణకి వెళ్లిన ఈగ

ఒకప్పుడు ఈగ చేతులు నలుపుకునేది కాదు. ఒకప్పుడంటే దేవతలు భూమ్మీద తిరిగే కాలం అనుకునేరు, అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. గిన్నెలు కడిగే మిషన్లు ఇళ్లలోకి వచ్చిన కొత్త. అప్పట్లో ఈగ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరులా దర్జాగా నడిచేది. జనం కూడా "ఈగమ్మగారూ" అనే పిలిచేవారు.

కాకినాడలో కామేశం, వకుళ అని ఆలుమగలు ఉండేవారు. వాళ్లింటికి ఓ డిష్‌వాషర్ వచ్చింది. వచ్చినరోజున దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. అది పొంగిపోయి, "ఇక మీ గిన్నెల సంగతి నాకు వదిలేయండి. అద్దంలా కడిగి పెడతాను" అంది.

అది అన్నదే తడవు, కామేశం నిజంగానే వదిలేశాడు. చేపల పులుసు తిన్న కంచాన్ని ముళ్లతో సహా లోపల పెట్టేవాడు. గోంగూర గిన్నెని ఉన్నదున్నట్టు తోసేవాడు.

"మెతుకులు దులిపి పెట్టండి" అని వకుళ మొత్తుకునేది.

"మనమే దులుపుకునేదానికి మిషనెందుకే?" అనేవాడు కామేశం.

కొన్నాళ్లు గడిచాయి. తలుపు తీస్తే చాలు, గుప్పుమని కంపు. వంటింట్లో నిలబడలేకపోతున్నారు.

"దిష్టి తగిలింది" అని తేల్చేశాడు కామేశం. "పక్కవాటా వాళ్లు దీన్ని అదేపనిగా చూసినప్పుడే అనుకున్నాను."

దారానికి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి మిషను తలుపుకి కట్టాడు. కంపు పోలేదు. మిషను చుట్టూ అగరొత్తులు వెలిగించాడు. ఇల్లంతా చేపల బజారులో భజన పెట్టినట్టు తయారైంది. కామేశానికి విసుగొచ్చింది.

"ఆదివారం లోపు ఈ కంపు పోకపోతే దీన్ని పెరట్లో పారేస్తాను. వానకి తడిసి తుప్పుపట్టనీ."

మిషను గడగడ వణికింది. "బాబ్బాబు, నాలో తప్పేమిటో చూసి చెప్పండి. తెలియకుండానే గెంటేస్తే ఎలా?"

"న్యాయంగానే ఉంది. విచారణ వేద్దాం" అన్నాడు కామేశం. "కంపు విషయంలో ఈగమ్మగారికున్న అనుభవం ఇంకెవరికుంది?"

"ఆవిడకున్నది అనుభవం కాదండీ, ఆకలి" అంది వకుళ. ఆ మాట వినిపించుకున్నవాళ్లు లేరు.

ఈగమ్మ వచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుని గంభీరంగా మిషను లోపలికి నడిచింది. అడుగున చిన్న జల్లెడ ఉంది. నీళ్లలో కొట్టుకొచ్చే చెత్తని ఆపడానికి పెట్టినది. దాన్నిండా నానిన మెతుకులు, చేప పొలుసులు, గోంగూర పీచు, పైన ఇంత మందాన జిడ్డు. ఈగమ్మ కళ్లు చెమర్చాయి. పెళ్లిభోజనం కూడా ఇంత బాగా పెట్టరు.

బయటికి రాగానే, "ఏం కనిపించిందండీ?" అని అడిగాడు కామేశం.

"చాలా లోతైన విషయం నాయనా. రేపు కూడా రావాలి" అంది ఈగమ్మ, త్రేన్పు ఆపుకుంటూ.

రేపూ వచ్చింది, ఎల్లుండీ వచ్చింది. విచారణ సాగేకొద్దీ ఈగమ్మ పొట్ట పెరిగింది గానీ కంపు తగ్గలేదు.

ఆదివారం అందరూ వంటింట్లో చేరారు. ఈగమ్మ గొంతు సవరించుకుంది.

"లోపల అణువణువూ పరిశీలించాను. అంతా శుభ్రంగానే ఉంది. ఈ మిషను పుట్టుకలోనే కంపు ఉంది, ఎవరేం చేసినా పోదు. పెరట్లో పారేయడమే మంచిది. తలుపు మాత్రం తీసి ఉంచండి, పాపం, గాలాడుతుంది."

మిషను బావురుమంది. కామేశం చొక్కా చేతులు పైకి మడిచి దాన్ని ఎత్తబోయాడు. అంతలో కుళాయిలోంచి నీళ్లు పలికాయి.

"మమ్మల్ని కూడా ఓ మాట అడగరాదా? రోజూ ఆ దారినే పోయేవాళ్లం. కింద జల్లెడ పూడిపోయింది. కదలడానికి సందులేక అక్కడే నిలబడి నిలబడి మేమే కంపుకొడుతున్నాం."

"జల్లెడా? నేను చూసినప్పుడు అక్కడ అలాంటిదేమీ లేదే" అంది ఈగమ్మ.

వకుళ దాని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఈగమ్మగారూ, ఎప్పుడూ ఆ చేతులు వెనక్కెందుకు పెట్టుకుంటారు?"

"అది నా హోదా అమ్మా."

"ఒక్కసారి ఆ హోదా ముందుకి చాపండి, చూస్తాను."

ఈగమ్మ దిక్కులు చూసింది. తప్పక చేతులు చాపింది. ఒక చేతికి గోంగూర పీచు వేలాడుతోంది. రెండోదానికి చేప పొలుసు అంటుకుని తళతళలాడుతోంది.

ఈగమ్మ గబగబా చేతులు నలుపుకోవడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదమ్మా, చలి."

"ఎండాకాలంలో, కాకినాడలో చలా?" అంది వకుళ.

ఈగమ్మ ఇంకా గట్టిగా నలిపింది. పొలుసు రాలింది, పీచు రాలింది. జిడ్డు మాత్రం ఈ చేతినుంచి ఆ చేతికి, ఆ చేతినుంచి ఈ చేతికి పాకుతోంది.

వకుళ ఇంక దాన్ని పట్టించుకోలేదు. జల్లెడ ఊడదీసి, సబ్బు నురగలో ముంచి, పాత పళ్లబ్రష్షుతో సందుసందునా తోమింది. తలుపు అంచున రబ్బరు మడతల్లో పేరుకున్న జిడ్డు తుడిచింది. దిష్టికి కట్టిన నిమ్మకాయని దారంలోంచి లాగి, కోసి, లోపల పిండింది.

"ఇన్నాళ్లూ తలుపుకి వేలాడదీశారు. లోపలికి రమ్మంటే మొదటిరోజే వచ్చేదాన్ని కదా" అని సణిగింది నిమ్మకాయ.

గిన్నెలేవీ పెట్టకుండా వేడినీళ్లతో మిషనుని ఒకసారి తిప్పి, ఆరడానికి తలుపు ఓరగా తీసి ఉంచింది వకుళ. మిషను గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది.

కామేశం వంగి వాసన చూశాడు. మొహం విప్పారింది. "చూశావా, నిమ్మకాయతో పోతుందని నేను ముందే చెప్పలేదూ?"

వకుళ ఆయన తిన్న కంచం తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది. కామేశం చెత్తబుట్ట దగ్గరికి వెళ్లి బుద్ధిగా ముళ్లు దులిపాడు.

ఈ సందట్లో ఈగ కిటికీలోంచి జారుకుంది. గారూ లేదు, అమ్మా లేదు. వెనకనుంచి "హుష్" అని మాత్రం వినిపించింది.

అప్పటినుంచే ఈగ లడ్డూ మీద వాలనీ, మీ ముక్కు మీద వాలనీ, కూర్చోగానే చేతులు నలుపుకుంటుంది. ఆ జిడ్డు పూర్తిగా పోయిందని దానికి ఈరోజుకీ నమ్మకం కుదరలేదు.