మూడు మడుల పందెం

సముద్రపు ఒడ్డున ఒకప్పుడు మకరకేతుడనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే, నోరే చెడ్డది. తిట్టేవాడని కాదర్రా, సన్నబియ్యం తప్ప ఇంకొకటి ఆ నోటికి దిగేది కాదు. అందుకని రాజ్యమంతా ముత్యాలసన్నాలనే ఒక్క రకం వడ్లే వేయాలని చాటింపు వేయించి, పాత రకాల వడ్లన్నీ పారబోయించాడు.

ఏడు సముద్రాల అవతల క్షారముఖుడనే మాంత్రికుడు ఈ సంగతి విన్నాడు. రాజ్యాలన్నీ తన కాళ్ళ మీద పడాలని వాడి కోరిక. అంతటా ఒక్క రకమే అయితే ఒక్క దెబ్బ చాలు కదా! ఉప్పుగాలి ఊదాడు. ఒక చేను ఎండింది, పక్క చేను ఎండింది, రాజ్యమంతా ఎండింది. జనం గంజికి మొహం వాచిపోయారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. మాంత్రికుణ్ణి ఓడించి వస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. మూడోవాడు శాలిధరుడు పడవ ఎక్కుతుంటే ఒక ఎలుక ఎదురొచ్చింది.

"రాజకుమారా! మీ నాన్నగారు పారబోయించిన వడ్లు మూడు రకాలు, ఎర్రవడ్లు, కచ్చివడ్లు, పొడుగువడ్లు, నా కలుగులో ఉన్నాయి. చాటింపులు వినే అలవాటు నాకు లేదులే. మూట కట్టుకో, నన్నూ తీసుకుపో," అంది.

ఏడు సముద్రాలూ దాటి దీవి చేరారు. మాంత్రికుడు మూడు మడులు చూపించాడు. మొదటిదానిలో చుక్క నీరు నిలవదు. రెండోదాని నిండా ఉప్పు పేరింది. మూడోదాన్ని నిలువెత్తు వరద ముంచుతుంది.

"ఒక్క పంటకాలంలో మూడింటా కంకులు తీయించు. గెలిస్తే మీ అన్నల్ని వదిలేస్తా. ఓడితే నువ్వూ వాళ్ళలాగే రాయివి," అన్నాడు.

అన్నలిద్దరూ రాళ్ళయి గట్టు మీద ఉన్నారు. పెద్దవాడు సన్నాలు చల్లి ఎరువు మీద ఎరువు వేశాడట. రెండోవాడూ అవే సన్నాలు చల్లి మంత్రజలం పోశాడట. శాలిధరుడికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా.

అక్కడ కుందనవల్లి అనే రాజకుమార్తె బందీగా ఉండి మాంత్రికుడి చిలకను సాకుతోంది. వాడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. పంజరం మాత్రం వాడి చేతికి తప్ప తెరుచుకోదు.

శాలిధరుడు మూడు రకాల వడ్లూ నానబెట్టి నీడన ఆరబెట్టబోయాడు. అలా చేస్తే విత్తనం గట్టిపడుతుందని విన్నాడు.

"అందరికీ ఒకటే మందా?" అంది కుందనవల్లి. "ముందు మూకుళ్ళలో వేసి చూడండి."

వేసి చూశారు. ఎర్రవడ్లను నానబెట్టి ఆరబెడితే పొడిమట్టిలోనూ మొలిచాయి. ఉప్పుమట్టిలో కచ్చివడ్ల లేతనారు చచ్చింది, ముదురునారు బతికింది. పొడుగువడ్లకు ఏ వైద్యమూ అక్కర్లేదు, నీళ్ళు పెరిగినకొద్దీ అవీ పెరిగాయి. ఏ మడికి తగ్గది ఆ మడిలో వేశారు. మూడు మడులూ కంకులు వేశాయి.

మాంత్రికుడికి ఒళ్ళు మండిపోయింది. మాట తప్పి ఎండ కాయించాడు, ఉప్పుగాలి ఊదాడు, వరద తెప్పించాడు. మూడు మడుల్లోనూ ఎంతో కొంత పంట నిలిచింది. గాలికి యజమాని ఎవరో ఏం తెలుసు? పెరట్లో చిలక కోసం వాడు వేసుకున్న ముత్యాలసన్నాల మడి మాత్రం నేలమట్టమైంది.

చిలక పుట్టి బుద్ధెరిగి ఇంకో గింజ ముట్టలేదు. దానికి మెడ వాలింది, మాంత్రికుడికి కళ్ళు తేలాయి. వాడు ఎర్రవడ్లు అరచేతిలో పోసుకుని, పంజరం తెరిచి, "తినవే తల్లీ!" అని బతిమాలాడు.

"గొంతులో గుచ్చుకుంటాయి," అంది చిలక మొహం తిప్పుకుని.

"నేను తినిపిస్తాను. ముందు ఆ అన్నదమ్ముల్ని వదులు," అంది కుందనవల్లి.

వాడు గతిలేక మంత్రం ఉపసంహరించాడు. రాళ్ళు మనుషులై లేచాయి. కుందనవల్లి ఎర్రబియ్యం మెత్తగా వండి ముద్ద పెట్టింది. చిలక ఒక మెతుకు తింది, రెండు తింది, ముద్దంతా తింది.

"ఓహో, ఇవి కూడా తినొచ్చా! ఏది పడితే అది తినగలిగితే ఈ పంజరం ఎందుకు నాకు?" అని తుర్రుమంది.

ప్రాణం ఎగిరిపోతుంటే ఎవరు ఊరుకుంటారు? "పిల్లులున్నాయే, డేగలున్నాయే, జాగ్రత్తే!" అని అరుస్తూ మాంత్రికుడు దాని వెంట పరిగెత్తాడు. ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నాడు. గాలి ఊదడానికి వాడికి ఊపిరి ఎక్కడిది?

అన్నలతో, ఎలుకతో, మూడు రకాల వడ్లతో అందరూ ఇంటికి తిరిగొచ్చారు. శాలిధరుడికీ కుందనవల్లికీ పెళ్ళయింది. వాళ్ళు ఊరూరా అన్ని రకాల వడ్లూ వేయించి చాలాకాలం రాజ్యం ఏలారు. ఎండలూ వచ్చాయి, వరదలూ వచ్చాయి. ఒక చేను పోయిన ఏడాది ఇంకో చేను పండింది, ఏ ఇంట్లోనూ పిల్లలు పస్తు పడుకోలేదు. కథ అయిపోయింది, లేవండర్రా, కంచాల్లో అన్నం చల్లారిపోతోంది.