గయ్యాళితనానికి లక్షణం

పూర్వం కుంభగిరిని ఏలిన ప్రతాపభూపతికి తనంత కళారసికుడు భూమ్మీద లేడని గట్టి నమ్మకం. ఆయన నాటకశాలలో కువలయ అనే నటి ఉండేది. ఆమె వేషం కట్టిందంటే ఊరు ఊరంతా కదిలివచ్చేది.

ఒకనాడు ఆమె వేషం కట్టుకుని వచ్చేసరికి రంగం మీది చెక్కలు పుచ్చిపోయి కనిపించాయి. "ఇవి మార్చేదాకా నేను అడుగు పెట్టను," అంది. ఆట ఆగిపోయింది.

నాటకశాల అధికారి సోమయాజి మండిపడుతూ రాజు దగ్గరికి పరుగెత్తాడు. "మహాప్రభూ! అది వట్టి గయ్యాళి. వెళ్లగొట్టి, దాని వేషాలు మరొకతెకు ఇప్పించండి."

రాజు కువలయను నిండుసభకు పిలిపించాడు. "నువ్వు గయ్యాళివట. ఏమంటావు?"

పసినాటి నుంచి నమ్ముకున్న విద్య చేజారిపోతుందేమోనని ఆమెకు భయం వేసింది. అయినా ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ మాటకు అర్థమేమిటో నాకూ తెలుసుకోవాలని ఉంది ప్రభూ. సోమయాజిగారూ, ఈమధ్య ఒకరు, కూర్చోబోయే చోటు గట్టిగా లేదని పదిమందిలో మొరాయించారు. పనివాళ్లకు చీవాట్లు పెట్టారు. అది గయ్యాళితనమేనా?"

తన సంగతే ఒప్పుకుంటోందనుకుని సోమయాజి పొంగిపోయాడు. "ముమ్మాటికీ! గయ్యాళితనం, పొగరు, తలబిరుసు!"

"ఆ ఒకరు ప్రభువులవారే స్వామీ. మొన్న ఊరేగింపునాడు అంబారీ మోకు వదులుగా ఉందని ఏనుగెక్కనన్నారు."

మీసం దువ్వుతున్న రాజుగారి చెయ్యి ఆగిపోయింది.

"అది... అది ముందుచూపు! రాజలక్షణం!" అన్నాడు సోమయాజి.

"ఇప్పుడేగా తలబిరుసన్నారు! చేసింది మగవారని తెలియగానే పేరెలా మారింది? తెలియకే అడుగుతున్నాను స్వామీ."

రాజుకు కుతూహలం పుట్టింది. "అసలు ఆ చెక్కల సంగతి తేలుద్దాం. సోమయాజిగారూ, మీరే ఆ రంగమెక్కి నాలుగు గంతులు వెయ్యండి!"

భారీ మనిషి సోమయాజి రెండు చేతులూ జోడించాడు. "అవి మార్చేదాకా నేనెక్కను ప్రభూ!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే ఈ సభలో గయ్యాళులం ముగ్గురమయ్యాం!"

నవ్వి నవ్వి, తన చేతి కంకణం తీసి కువలయకు బహూకరించి, నాటకశాల పెత్తనం కూడా ఆమెకే అప్పగించాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె వడ్రంగులను పిలిపించింది.