గెడ్డవీధిలో ముగ్గు పోసిన ఇళ్లు

పైడయ్య మేస్త్రికి కాగితం మీద గీత కంటికి ఆనేది కాదు. సంతకమంటే అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని పెట్టేవాడు. అందుకని ఎంత చిన్న ఇల్లయినా ముందు నేలమీద సున్నంతో ముగ్గు పోయించి, ఆ గీతల మధ్య తాను నడిచి చూశాకే పునాది తవ్వనిచ్చేవాడు. పదకొండేళ్ల కిందట పేట సంఘం పెద్ద వరహాలయ్య నలుగురిలో ఆయన్ని "వేలిముద్ర మేస్త్రి" అన్నాడు. ఆనాటి నుంచి పైడయ్య ఆ మనిషితో మాటాడలేదు. మాట పడ్డవాడికే దాని బరువు తెలుస్తుంది, కనుక తప్పు పట్టడానికి లేదు.

ఆయన దగ్గర సూరిబాబు అని ఒక శిష్యుడుండేవాడు. ఇళ్ల ప్లాన్లు గీయడం కాలేజీలో అయిదేళ్లు చదివి, చెయ్యి ఇటుక మీద పడితేగాని ఆ చదువు చదువు కాదని తనంతట తానే వచ్చినవాడు. బుద్ధిమంతుడే, కాకపోతే తొందరెక్కువ.

విశాఖలో రైలుపట్టాల పక్కన గెడ్డవీధి అని ఒక ఇరుకు సందు. అందులో వరహాలయ్యతో సహా తొమ్మిది కుటుంబాలున్న పాత రేకుల వరస పడగొట్టి, అదే జాగాలో రెండంతస్తుల ఇల్లు కట్టాలని సంఘం తీర్మానించింది. సూరిబాబు నెల్లాళ్లు కూర్చుని ప్లాను గీశాడు. కింద నాలుగు ఇళ్లు, పైన నాలుగు పట్టాయి. తొమ్మిదోది పట్టలేదు. పట్టనివాళ్లకు ఊరికి ఇరవై మైళ్ల అవతల కొత్త కాలనీలో ఇల్లిస్తారట.

"గురువుగారూ, జాగా పెరగదు, జనం ఆగరు," అన్నాడు సూరిబాబు ప్లాను చుట్ట చుడుతూ. "ఎవరో ఒకరు పోక తప్పదు. ఆ ఒక్కరూ ఎవరో తేల్చేదెలాగండీ?"

"నువ్వు తేల్చుకునే వచ్చినట్టున్నావు కదరా."

సూరిబాబు నసిగాడు. "పోలమ్మ ఒంటరి మనిషి గదండీ."

పోలమ్మ అక్కడే, నాలుగడుగుల దూరంలో తన రేకుల గది ముందు పొయ్యి ఊదుకుంటోంది. తెల్లారగట్ల రైలు గేటు దగ్గర ఆవిరి కుడుములు అమ్ముకుని బతికే మనిషి. ఇరవై మైళ్ల అవతలకు పంపితే ఆ పొయ్యి ఆరినట్టే.

"నన్ను అడక్కండానే నన్ను అంపించేత్తన్నారా బాబూ," అంది, తల ఎత్తకుండానే. "సదువుకున్నోల్లు, మీ దయ."

సూరిబాబు మొహం ఎర్రబడింది. పైడయ్య లేచి పట్టాల వైపు చెయ్యి చూపించాడు. "ముగ్గు పొయ్యరా," అన్నాడు. "నీ ప్లాను ఎలా ఉంటే అలాగే. గోరంత తేడా రాకూడదు."

పట్టాల పక్క ఖాళీ మైదానంలో కింది అంతస్తు, దాని పక్కనే పై అంతస్తు ముగ్గు పడింది. ఎనిమిది ఇళ్లు. ఒక్కొక్క ఇంటికి వంటగది, పడకగది, ముందు హాలు, వాటన్నిటి ముందు ఒక నడవ. ఎండ సాకు ఎవరూ చెప్పకుండా మైదానమంతా పైన పరదాలు కట్టించాడు పైడయ్య. ఎనిమిది కుటుంబాలూ మంచాలూ పొయ్యిలూ తెచ్చుకుని రెండు రోజులు ఆ గీతల మధ్యే కాపరం చెయ్యాలన్నాడు. పోలమ్మకు గీతల్లో చోటు లేదు గనుక నడవ చివర బయట పొయ్యి పెట్టుకుంది.

వరహాలయ్య నవ్వాడు. "ముగ్గులో కాపరం ఏటి, పైడయ్యా? బొమ్మరిల్లాట ఆడే వయసా మనది?"

పైడయ్య సూరిబాబు వైపు తిరిగాడు. "కట్టేక కూలగొట్టడం కన్నా కట్టకముందు చెరపడం సులువని ఆయనకి చెప్పు."

వరహాలయ్య రెండడుగుల్లోనే ఉన్నాడు. అయినా సూరిబాబు చెప్పాడు.

మొదటి రోజంతా సూరిబాబుకు అరవడంతోనే సరిపోయింది. "అమ్మా, అది గోడ." "సూడ్నేదు బాబూ." "తాతా, గోడలోంచి నడుస్తున్నావు." "గోడుంటే తగిలేది కాదేటి నాయనా." గీతల్ని పట్టించుకున్నది ఒక్క హాళ్ల దగ్గరే. పుట్టి బుద్ధెరిగాక ఆ వీధిలో ఎవరికీ హాలు లేదు. వరహాలయ్య భార్య నూకాలమ్మ గుమ్మంలోనే కాపలా కూర్చుంది. "హాల్లో అడుగెట్టకండి, రేపు సుట్టాలొత్తే ఏటనుకుంటారు," అని సొంత మనవల్నే అదిలించింది. ఆమెను చూసి మిగతా ఏడిళ్ల ఆడవాళ్లూ అంతే.

మర్నాడు తెల్లారేసరికి సూరిబాబు వచ్చి చూస్తే సగం ప్లాను లేదు. తెల్లారి లేచి వాకిట్లో కళ్లాపి చల్లకుండా ఊరుకునే చెయ్యి గెడ్డవీధిలో ఎక్కడుంది? ఎనిమిది మంది ఆడవాళ్లూ చీపుళ్లు పట్టి, నడవంతా ఊడ్చి, పేడనీళ్లు చల్లేశారు. నడవ గీతలు మాయం. వంటిళ్ల గీతలు కాళ్ల కింద నలిగి బురద.

"మీకు చెప్పాను గదమ్మా," అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

"అలవాటు పడ్డ సెయ్యి బాబూ. నిద్దట్లో సల్లీసినాం," అంది నూకాలమ్మ. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

పైడయ్య సున్నం డబ్బా తెచ్చి శిష్యుడి చేతికిచ్చాడు. "చెరిగిన చోట మళ్లీ పొయ్యి. చెరగని చోట అక్కర్లేదు. ఎండ ముదిరేలోగా కానీ."

సూరిబాబు వంగి మొదలుపెట్టాడు. వంటిల్లు పోశాడు. పడకగది పోశాడు. నడవ మొత్తం మళ్లీ పోశాడు. మొదటి హాలు దగ్గరికి వస్తే పొయ్యాల్సిన పని లేదు. రెండోదీ అంతే. మూడోదాని దగ్గరికి వెళ్లేసరికి చెయ్యి నెమ్మదించింది. ఎనిమిదో హాలు దగ్గర డబ్బా కింద పెట్టి గొంతుక్కూర్చున్నాడు. నిన్న తాను పోసిన సున్నం పోసినట్టే ఉంది. మధ్యలో రెండే రెండు చెప్పుల గుర్తులు. అవి తనవే.

లేచి అడుగులు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ఎనిమిది హాళ్ల జాగా కలిపితే ఒక నిండు ఇల్లు, పైగా పదిమంది కాళ్లు చాపుకు కూర్చునేంత వసారా. అటు నడవ చివర ఎనిమిది ఇళ్లవాళ్లూ గిన్నెలు పట్టుకుని పోలమ్మ పొయ్యి చుట్టూ మూగి ఉన్నారు. వరహాలయ్య నులకమంచం అక్కడికే ఈడ్పించుకుని, తనను చూడవచ్చిన ఇద్దరు పెద్దమనుషుల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వేడి కుడుము ఊదుకుంటున్నాడు.

సూరిబాబు అక్కడికే వెళ్లి చెప్పాడు. తొమ్మిది ఇళ్లు పడతాయి, హాళ్లు మాత్రం ఉండవు, అందరికీ కలిపి ముందు పెద్ద వసారా ఉంటుంది అన్నాడు.

పోలమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది.

"హాలు లేని కొంప కొంపేనా," అన్నాడు వరహాలయ్య, నోట్లో కుడుము మింగి. "నాకోసం వచ్చే పెద్దమనుషుల్ని ఎక్కడ కూకోబెట్టమంటావు?"

ఆ మంచం మీదున్న పెద్దమనుషులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సూరిబాబు గురువు వైపు తిరిగాడు. పైడయ్య చేతికంటిన సున్నం దులుపుకున్నాడు.

"ఎవరు పోవాలని గదరా అడిగావు," అన్నాడు. "ఆ ఎనిమిది హాళ్లలోనూ ఎవరున్నారో చూసి, ముందు వాళ్లని పంపించు."