పై ఆకు మీది పేర్లు

కరువు గడిచిన మరుసటేడు రాజు వీరకేసరి తన గొప్ప చాటే కథ ఒకటి తాటాకుల మీద రాయించుకున్నాడు. కథలో రాజుగారు గాదెలు తెరిపిస్తారు, ఆకలితో ఒక్కరూ చావరు. కథ పేరు కోసం రాయసగాడు పై ఆకు ఖాళీగా ఉంచాడు.

పండితులు 'కరుణాసాగరం' అన్నారు, 'అన్నదాత విజయం' అన్నారు.

"వీటికి జనం కదులుతారా? పేరు వినగానే ఇంటింటివాళ్లూ ఎగబడి రావాలి!" అని రాజు విసుక్కున్నాడు.

తాటాకులు కోసి తెచ్చే ఈరమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "కరువులో పోయినవాళ్ల పేర్లే పెట్టండి దొరా. తమవాళ్ల పేరుందేమో చూడ్డానికి అందరూ వస్తారు," అంది.

రాజు ఆలోచనలో పడ్డాడు. "నిజమేగానీ, అన్ని పేర్లు ఒక్క ఆకు మీద ఎలా పడతాయే?"

"కథలో ఒక్కరూ చావలేదుగా దొరా? మరి ఆకెందుకు చాలదు?"

రాజు ఖాళీగా ఉన్న పై ఆకు వైపు చూశాడు.

"మా ఇంటివి మూడే పేర్లు," అంది ఈరమ్మ. "ముందు అవి రాయించండి. ఎంత చోటు మిగులుతుందో చూద్దాం."

రాయసగాడు రాజు వైపు చూడలేదు. గంటం చేతికి తీసుకుని, "చెప్పమ్మా," అన్నాడు.