సబ్బుకు రెండు కొనలు

హైమవతికి రసాయనశాస్త్రం మీద ఉన్న పట్టును శంకించగలవారు ఆ పాఠశాలలో ఎవరూ లేరు. అయినా పదో తరగతికి కార్బన్, దాని సమ్మేళనాల పాఠం మొదలుపెట్టిన నాటినుంచి ఆ గదిలో ఆమె గొంతు తప్ప మరో గొంతు వినిపించడం మానేసింది. పిల్లలు చెప్పింది రాసుకునేవారు. అడిగితే తలలు వంచుకునేవారు. పరీక్ష పెడితే తెల్లకాగితాలు చేతికిచ్చేవారు.

పాఠం మొదలైన రోజున, ఇస్త్రీ బండి రమణప్ప కూతురు ఈశ్వరి లేచి, "టీచర్, మా నాయన పెట్టెలో పోసే బొగ్గులు..." అని ఏదో అడగబోయింది.

"బొగ్గులు కాదు, కార్బన్ అనాలి. ముందు మాట సరిచేసుకో, తరువాత ప్రశ్న," అన్నది హైమవతి.

తరగతి గొల్లుమన్నది. ఈశ్వరి కూర్చుంది. ఆ తరువాత ఎవరూ లేవలేదు. హైమవతి దాన్ని క్రమశిక్షణ అనుకుంది.

చివరకు ఆ తరగతిని మరొకరికి అప్పగించమని ప్రధానోపాధ్యాయులను అడగాలని నిశ్చయించుకుంది. ఆ మాట ముందుగా, ఒకప్పుడు తనకు ఇదే పాఠం చెప్పిన గఫార్ మాస్టారి చెవిన వేయడానికి సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళింది.

మాస్టారు వాకిట్లో సైకిలును బోర్లించి, ఊడిన చైను ఎక్కిస్తున్నారు. మణికట్టుదాకా గ్రీజు.

"ఇంకా ఈ సైకిలేనా మాస్టారూ? మ్యూజియం వాళ్ళు అడగలేదా?"

"అడిగారమ్మా. సైకిలుతో పాటు నన్నూ ఇమ్మన్నారు. ఇంట్లో ఒప్పుకోలేదు."

హైమవతి నవ్వబోయి నవ్వలేకపోయింది. చెప్పదలచుకున్నదంతా చెప్పేసింది.

"ఒక్క తప్పూ చెప్పలేదు మాస్టారూ. శాస్త్రాన్ని ఎంత స్వచ్ఛంగా చెప్పాలో అంత స్వచ్ఛంగా చెప్పాను. వాళ్ళకు అంటడం లేదు. ఈ పనికి నేను తగనేమో."

మాస్టారు రెండు చేతులూ ముందుకు చాచి, "ఆ బిందెలోంచి కాసిని నీళ్ళు పొయ్యి తల్లీ," అన్నారు.

ఆమె చెంబుతో ముంచి పోసింది. ఆయన రుద్దుకున్నారు. నీళ్ళు బొట్లుబొట్లుగా జారిపోయాయి. నలుపు చెక్కుచెదరలేదు.

"ఇంకా పొయ్యి."

బిందె సగమయ్యేదాకా పోసింది. ఆయన తీరుబడిగా రుద్దుకుంటూనే ఉన్నారు.

"సబ్బు లేనిదే ఎలా పోతుంది మాస్టారూ?"

"ఇవి మంచినీళ్ళే కదా?"

"మంచినీళ్ళే."

"అయితే తప్పు గ్రీజుదంటావా? ఇది లేకపోతే సైకిలు కదలదే."

హైమవతి పిట్టగోడ మీది సబ్బుముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. క్షణంలో నల్లని నురగ లేచింది.

"ఇది చేసే పనేమిటో చెప్పు. నీ పాఠంలో ఉన్నదే."

ఆమె ఎప్పటిలాగే తడుముకోకుండా అందుకుంది. "పొడవైన కార్బన్ గొలుసు మాస్టారూ. ఒక కొన నీటిని పట్టుకుంటుంది. రెండో కొన నీటికి లొంగదు, అది వెళ్ళి జిడ్డును..."

చెంబు ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"ఊఁ. జిడ్డును?"

హైమవతికి, బొగ్గులంటూ లేచి కూర్చున్న ఈశ్వరి గుర్తొచ్చింది.

"నీళ్ళు పొయ్యమ్మా. నురగ ఆరిపోతోంది," అన్నారు మాస్టారు.

మర్నాడు ఉదయం ఆమె ప్రధానోపాధ్యాయుల గది దాటుకుని నేరుగా తరగతికి వెళ్ళింది. బల్ల దగ్గర ఆగకుండా మూడో బెంచీ దాకా నడిచి, "ఈశ్వరీ, కాస్త జరుగు," అని పక్కన కూర్చుంది.

"ఆ రోజు నువ్వు ఏదో అడగబోతే నేను అడగనివ్వలేదు. ఇప్పుడు అడుగు. బొగ్గులనే అను."

ఈశ్వరి బిక్కముఖం వేసి చుట్టూ చూసింది.

"అడగవే. రోజూ ఇంటర్వెల్లో మా ప్రాణాలు తోడేస్తున్నావుగా," అన్నది వెనక బెంచీ.

"మా నాయన పొద్దున్నే పెట్టె నిండా బొగ్గులు పోస్తాడు టీచర్. సాయంత్రానికి గుప్పెడు బూడిద మిగులుతుంది. తక్కిన బొగ్గంతా ఎక్కడికి పోతుంది?"

హైమవతి నోటిదాకా వచ్చిన జవాబును ఆపుకుంది. "మీకేమనిపిస్తోంది?" అని అందరినీ అడిగింది.



"పొగైపోతుంది టీచర్," అన్నాడు కిటికీ పక్కవాడు.

"నిప్పు కణకణలాడుతుంటే పొగ ఎక్కడిదిరా మొద్దూ?"

"అయితే గాల్లో కలుస్తుంది."

"గాల్లో కలిస్తే మనం బొగ్గు పీలుస్తున్నామా ఏంది?"

"నువ్వు పీల్చావులే, అందుకే ఆ రంగు."

"టీచర్, వీడు చూడండి టీచర్."

గది హోరెత్తిపోయింది. వరండాలో పోతున్న ప్రధానోపాధ్యాయులు గుమ్మంలో ఆగి, ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూశారు.

"ఏమిటీ సంత? టీచరుగారు రాలేదా?"

మూడో బెంచీలోంచి, పిల్లల మధ్య నుంచి, హైమవతి లేచి నిలబడింది.

"ఉన్నాను సార్."