ఏడు లీవర్ల తాళం

హైదరాబాదులో ఓ అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఇరవయ్యేళ్ళు కాపురమున్నా ఎదురింటివాళ్ళ పేరు తెలుసుకోని చక్రపాణి, ఎవరు నవ్వుతూ పలకరించినా "వీడికి నా దగ్గర ఏం కావాలో!" అని అనుమానపడుతూ ఉండేవాడు. చెడ్డవాడు మాత్రం కాదు. భార్య సుగుణ అంటే అతనికి ప్రాణం. ఆవిడకి ఉబ్బసం. నగరం పొగకి అది ఏటికేడాది ముదురుతూ వచ్చింది. చివరికి డాక్టరు, "మందులు మార్చడం కాదు, ఊరు మార్చండి" అన్నాడు. చక్రపాణిది కంప్యూటరు ముందు కూర్చుని ఎక్కడినుంచైనా చేసుకోగల ఉద్యోగం. అందుకని మారుమాట లేకుండా సామాను సర్దేశాడు.

వాళ్ళు చేరింది విజయనగరం వైపు కొండల పక్కనున్న గుమ్మవలస అనే చిన్న పట్నం. అది లారీల ఊరు. ఇంటికో డ్రైవరో, క్లీనరో, మెకానిక్కో ఉంటాడు. మగవాళ్ళు బండెక్కారంటే రాయపూరనీ నాగపూరనీ పదేసి రోజులు ఇల్లు చూడరు. ఆడవాళ్ళు పుట్టింటికో ఆస్పత్రికో వెళ్ళాల్సి వస్తే ఇంటికి తాళం పెట్టి, చెవి తెచ్చి సింహాచలం ఇంటి అరుగు మీద మేకుకి తగిలించి వెళ్ళేవారు. ఒక్కో చెవికి ఒక్కో రంగు గుడ్డపీలిక. ఎవరి బండి ఏ వేళకి వచ్చినా చెవి తీసుకోవచ్చు. ఆ వీధిలో తాళాలు కుక్కలు దూరకుండా వేసేవే తప్ప మనుషుల కోసం కాదు.

సింహాచలం రిటైరైన డ్రైవరు. ఇప్పుడు భార్య పైడమ్మతో కలిసి అరుగు మీద కూర్చుని, దిష్టి తగలకుండా లారీల ముందు కట్టే నల్ల ఉన్ని కుచ్చులు అల్లుతూ ఉండేవాడు. ఎదురింట్లో చక్రపాణి సామాను దిగిన రోజున ఆయన ఒక్క కేక వేశాడు. వీధిలోంచి ఆరుగురు వచ్చి అరగంటలో బీరువాతో సహా అన్నీ ఇంట్లో పెట్టేశారు. పైడమ్మ వేడి అన్నం, వంకాయకూర తెచ్చిపెట్టింది. చక్రపాణి మాత్రం వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, పెట్టెలు లెక్కపెట్టుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు!

మర్నాడు సింహాచలం వచ్చి, "బాబూ, మీకూ ఓ మేకు కొట్టేను. ఎటైనా ఎల్తే తాళంసెవి అక్కడెట్టి ఎల్లిపోండి" అన్నాడు.

"మాది మామూలు తాళం కాదండీ. ఏడు లీవర్లది. దాని చెవి నా మొలతాడుకే ఉంటుంది" అన్నాడు చక్రపాణి.

"అలాగే కానీండి" అని సింహాచలం నవ్వి వెళ్ళిపోయాడు.

సుగుణ అలా కాదు. వారం తిరక్కుండానే పైడమ్మ పక్కన చేరి కుచ్చులు అల్లడం నేర్చుకుంది. కొండగాలికి ఆవిడ దగ్గు కూడా సగం తగ్గింది. "మనుషులు ఇంత మంచిగా ఉంటారని నేను మర్చేపోయానండీ" అనేది భర్తతో. "కొత్తలో అందరూ అలాగే ఉంటారు. ఏదో ఒకరోజు అసలు సంగతి బయటపడుతుంది" అనేవాడు చక్రపాణి.

ఒక రాత్రి మబ్బుపట్టి చల్లగాలి వీచింది. సుగుణకి మళ్ళీ ఆయాసం తిరగబెట్టి, తెల్లారాక గానీ కన్నంటుకోలేదు. చూస్తే పీల్చే మందు అయిపోవచ్చింది. ఊళ్ళో దుకాణంలో ఆ మందు లేదు. పక్క పట్నానికి బస్సులో గంట ప్రయాణం. భార్యని లేపి గడియ పెట్టుకోమనడానికి చక్రపాణికి మనసొప్పలేదు. తలుపు తీసిపెట్టి వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. పెరటి తలుపుకి ఒక తాళం, వీధి తలుపుకి ఏడు లీవర్ల తాళం వేసి, చెవులు మొలతాడుకి కట్టుకుని బయల్దేరాడు.

"ఎక్కడికి బాబూ, ఇంత పొద్దున్నే?" అని అరుగు మీదనుంచి సింహాచలం అడిగాడు.

చక్రపాణికి ఒళ్ళు మండింది. "ప్రతిదీ మీకు చెప్పి వెళ్ళాలా? నాకు పనుంది" అని విసవిసా నడిచిపోయాడు.

మందు దొరికింది. తిరుగు బస్సు సగం దారిలో రైలు గేటు దగ్గర ఆగిపోయింది. అప్పుడే ఫోను మోగింది. సుగుణ. మాటకి మాటకి మధ్య ఈల వేసినట్టు ఊపిరి వినబడుతోంది. "ఏమండీ... మందు... అయిపోయింది... తలుపు..." అంది. అంతే, ఫోను కట్టయింది.

ఎవరికైనా ఇంటికి పరిగెత్తమని చెప్పాలి. చక్రపాణి గబగబా ఫోనులో వెతికాడు. అందులో కరెంటాఫీసు నంబరుంది, హైదరాబాదు పేపరువాడి నంబరుంది. గుమ్మవలసలో ఒక్క మనిషి నంబరు కూడా లేదు. ఎవరైనా నంబరు ఇస్తానన్నా, "అవసరమైతే అడుగుతాలెండి" అని తప్పించుకున్నది తనే. ఒకవేళ ఎవరైనా పరిగెత్తి వెళ్ళినా, చెవి తన మొలకే ఉంది. గూడ్సు బండి తాపీగా వచ్చి తాపీగా వెళ్ళింది. తన చేతులతో తనే భార్యని బంధించి వచ్చానని అతనికి అప్పుడు తెలిసింది. బస్సులో అందరూ చూస్తుండగానే బావురుమన్నాడు.

బస్సు దిగి, పరుగు పరుగున వీధి మలుపు తిరిగి, నిలబడిపోయాడు. అతని ఇంటి పెంకుల్లో పెద్ద కన్నం ఉంది. గుమ్మానికి తలుపే లేదు. రెక్కలు రెండూ గోడకి ఆనించి ఉన్నాయి. వాటికి ఏడు లీవర్ల తాళం చెక్కుచెదరకుండా వేలాడుతోంది. గుమ్మంలో పైడమ్మ పీట వేసుకుని కాపలా కూర్చుంది.

"గాబరా పడకండి బాబూ! అమ్మకి బాగున్నాది. ఆస్పత్రిలో కూకుని టీ తాగతంది" అంది అతన్ని చూడగానే.

చక్రపాణి మెట్టు మీద కూలబడిపోయాడు. జరిగిందంతా పైడమ్మే చెప్పింది. సుగుణ కిటికీ ఊచల మీద స్టీలు గ్లాసుతో కొట్టిందట. ఆ చప్పుడికి వీధంతా వచ్చింది. లారీ జాకీ రాడ్డుతో కొట్టినా తాళం లొంగలేదు. అరవై నాలుగేళ్ళ సింహాచలం, లోడు మీదకెక్కినట్టే గోడెక్కి, పెంకులు తీసి, వాసాలు పట్టుకుని లోపలికి దిగాడు. ముందు ఆవిడ చేత మందు పీల్పించాడు. తర్వాత లోపలినుంచి తలుపు బందుల మరలు ఊడదీసి, దారి చేశాడు.

"మందా? మందు ఎక్కడిది?" అన్నాడు చక్రపాణి.

"ఆయనదే బాబూ. ఇరవయ్యేళ్ళు సిమెంటు బండి తోలినోడు కాదా! ఆయనకీ ఈ ఆయాసవే. ఆ మందు రోజూ జేబులోనే ఉంటాది."

చక్రపాణి తన చేతిలోని మందు వంక చూసుకున్నాడు. తను గంట ప్రయాణం చేసి తెచ్చిన మందు పొద్దున్న ఎదురింటి అరుగు మీదే ఉంది. ఆ మందున్న మనిషే తనని పిలిచి మరీ అడిగాడు. తనే చెప్పలేదు.

ఆస్పత్రిలో సుగుణ తేరుకుని కూర్చుని ఉంది. పక్కన మోచేతికి కట్టుతో సింహాచలం ఉన్నాడు. చక్రపాణిని చూడగానే ఆయన గబుక్కున లేచాడు.

"బాబూ, పెంకులు ఓ పాతిక దాకా పగిలిపోనాయి. కంగారులో సూసుకోలేదు. ఏటీ అనుకోకండి. సాయంత్రానికి నేసేత్తాం" అన్నాడు.

ప్రాణం కాపాడినవాడు పెంకులకి క్షమాపణ చెబుతున్నాడు! చక్రపాణి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు. "పొద్దున్న మిమ్మల్ని అంత మాటన్నాను. మీకు కోపం రాలేదా?" అని అడిగాడు.

"రాకేం బాబూ, వచ్చింది" అన్నాడు సింహాచలం. "కానీ రోడ్డు మీద బండాగిపోయి ఉంటే, ఆ డ్రైవరు మంచోడా కాదా అని అడిగి మన బండి ఆపుతామా? ముందు ఆపుతాం. కోపవుంటే తరవాత సూసుకుంటాం." అని గట్టిగా నవ్వాడు. సుగుణ కూడా నవ్వింది.

ఆ సాయంత్రం పెంకులు నేసేటప్పుడు కింద నిలబడి ఒక్కొక్క పెంకూ అందించింది చక్రపాణే. అందిస్తూ అందరి పేర్లూ అడిగి తెలుసుకున్నాడు.

నీతి: అందరినీ అనుమానించి తలుపులు మూసుకునేవాడు దొంగల్ని ఆపుతాడో లేదో గానీ, ఆదుకోవడానికి వచ్చేవాళ్ళని మాత్రం తప్పకుండా ఆపుతాడు.