ఓబేదు చెయ్యని హత్య

అనగా అనగా, ఏటి నడుమ లంకలకి వంతెనలు లేని కాలం. పడవ దిగితే బురద. బురద దాటితే గుడిసెలు. గుడిసెల మధ్య తాటాకుల ప్రార్థన మందిరం.

ఆ లంకలో ఓబేదు అని బాతులు మేపేవాడు ఉండేవాడు. వారమంతా బాతుల వెనక తిరిగేవాడు. ఆదివారం మందిరం ఊడ్చేవాడు. ఎవరినీ ఒక మాట అని ఎరగడు.

ఆ మందిరంలో ఆదివారం ఆదివారం సాక్ష్యాలు చెప్పుకునేవారు. నేను ఇలా ఉండేవాణ్ణి, ప్రభువు నన్ను ఇలా మార్చాడు అని లేచి చెప్పడం. ఒకనాడు ఓబేదు కూడా లేచాడు.

"ఒకప్పుడు కల్లు తాగేవాణ్ణండి. మానేశాను."

సంఘ పెద్ద ఇస్సాకు పకపకా నవ్వాడు. "నీ పాపం బాతు గుడ్డంత ఉంది గదరా ఓబేదూ! దానికి ప్రభువు సిలువెక్కాలా?"

అందరూ నవ్వారు. ఓబేదు కూర్చున్నాడు. ఆ నవ్వు వాడి చెవుల్లోంచి పోలేదు.

మరుసటి ఏడు పక్క లంకలో పందిరి వేసి ప్రార్థన కూటాలు పెట్టారు. ఓబేదు లేచాడు. "నేను దొంగనండి. రేవుల్లో పడవలు దోచాను," అన్నాడు. వాడు ఏనాడూ ఒకరి పుల్ల ముట్టలేదు. పందిరంతా "స్తోత్రం" అంది. ఓబేదు కాస్తా ఓబేదయ్య అయ్యాడు.

ఆ పై ఏడు ఇంకా పెద్ద పందిరి. ఓబేదయ్య లేచాడు.

"నేను మనిషిని చంపానండి. తుమ్మలరేవులో. ఎర్ర తుండు కట్టుకున్న కుర్రాడు. 'అమ్మా' అన్నాడు. అయినా వదల్లేదు."

చంపలేదు. ఆ రేవులో ఎర్ర తుండు కుర్రాడొకడు కనిపించకుండా పోయాడని పడవలో ఎవరో అనుకుంటుంటే విన్నాడు. విన్నది తీసి వాడుకున్నాడు. అంతే.

పందిరంతా ఏడ్చింది. పందిరంతా "స్తోత్రం" అంది. ప్రభువే క్షమించాక మనమెవరం అనుకున్నారు. చచ్చిపోయినవాడు ఎవరని ఒక్కరూ అడగలేదు.

ఓబేదయ్య కాస్తా అయ్యగారు అయ్యాడు. తెల్ల చొక్కా వచ్చింది. సొంత పడవ వచ్చింది. మూడు లంకల సంఘాలూ ఆయన చేతికి వచ్చాయి. ఊరికే రాలేదు, ఆయన మాటలో బలం ఉండేది. ఆ మాట విని తాగుడు మానినవాళ్ళున్నారు. పెళ్ళాన్ని కొట్టడం మానినవాళ్ళున్నారు. ఎక్కడ నిలబడినా ముందు ఆ హత్య చెప్పేవాడు, తర్వాతే బైబిలు వాక్యం.

ఒక రోజు, హత్య చెప్పడం అయింది. వాక్యం తెరవబోతున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలామె లేచింది. పేరు నాంచారమ్మ. ఆమెది తుమ్మలరేవు. మూడు రోజులు నడిచి, పడవెక్కి వచ్చింది.

"అయ్యా, ఆ ఎర్ర తుండువాడు మా పోతురాజు. నా కొడుకు."

పందిట్లో అందరూ ఆమె వైపు తిరిగారు.

"నిన్నేమీ అనను నాయనా. ఠాణాలో చెప్పను. ఎక్కడ పూడ్చావో చూపించు. ఇంత మట్టి కొంగున కట్టుకుపోతాను."

ఇస్సాకు గబగబా వచ్చాడు. "కూటం అయ్యాక మాట్లాడుదువుగాని. కూర్చోమ్మా."

"పద్నాలుగేళ్ళు కూర్చున్నా బాబూ," అంది.

ఓబేదు తెరవబోయిన బైబిలు పక్కన పెట్టి, ఆమె వైపు తిరిగాడు.

"అబద్ధమమ్మా."

"భయపడకు నాయనా. చెప్పనన్నానుగా."

"భయం కాదమ్మా. నేను ఎవరినీ చంపలేదు. జనం స్తోత్రం అంటారని చెప్పాను."

"మరి మా పోతురాజు?"

"నాకు తెలీదు."

నాంచారమ్మ ఉన్నచోటే కూలబడింది.

"రోజూ వాడి ముద్ద తీసి ఉట్టిలో పెట్టేదాన్ని. ఎప్పటికైనా వస్తాడని. నీ మాట మా ఊరు చేరిన రోజు, ఆ ముద్ద కుక్కకి వేశాను. కర్మ చేయించాను. నా కొడుకుని నా చేత చంపించావు గదయ్యా."

ఎవరూ స్తోత్రం అనలేదు.

ఈ కథ చెప్పే నేనూ ఇద్దరిని కన్నదాన్నే. ఈ మాట దగ్గర ఒకసారి లేచి వాళ్ళని చూసొస్తాను.

ఓబేదు వేదిక మీంచి కిందికి దిగాడు. తెల్ల చొక్కా విప్పి ఇస్సాకు చేతిలో పెట్టాడు. ఆమె లేచి వెళ్తుంటే వెనకే నడిచాడు.

"నా వెనక రాకు," అంది. పది అడుగుల దూరంలో నడిచాడు.

ఒక ఏడు ఏటికి ఎగువన వెతికాడు. ఒక ఏడు దిగువన వెతికాడు. ఒక ఏడు సముద్రం ఒడ్డున వెతికాడు. ప్రతి రేవులో నిలబడి ఒకటే చెప్పాడు. "నేను అబద్ధం చెప్పినవాణ్ణి. పోతురాజు అనే కుర్రాణ్ణి ఎవరైనా చూశారా?"

కొందరు నవ్వారు. కొందరు రాళ్ళు వేశారు. కొందరు దగ్గరికి వచ్చి, "మా పిల్ల కూడా పోయింది. దాని గురించీ అడుగుతావా?" అన్నారు. అడిగాడు. అలా ఇద్దరు దొరికారు. పోతురాజు దొరకలేదు.

మూడో ఏడు చివర తుమ్మలరేవుకి తిరిగొచ్చాడు. మధ్యాహ్నం వేళ, నాంచారమ్మ అరుగు మీద ఆకు వేసింది.

"వాడి ముద్ద ఉట్టిలో ఉంది. ఇది నీది."

ఓబేదు తల వంచుకుని తిన్నాడు.

తర్వాత మూడు లంకల వాళ్ళు వచ్చారు. ఇస్సాకు కూడా వచ్చాడు, తల దించుకుని. "మళ్ళీ మా ముందు నిలబడు," అన్నారు.

"ఆమె పొమ్మంటే వస్తాను," అన్నాడు ఓబేదు.

నాంచారమ్మ కొంగు దులుపుకుని లేచింది.

"పో. నేనూ వచ్చి ముందు కూర్చుంటా. నన్ను చూసి చెప్పు," అంది.

ఆమె బతికినన్నాళ్ళూ ముందు కూర్చుంది. ఆయన బతికినన్నాళ్ళూ ఆమెను చూసి చెప్పాడు. ఆమె పోయాక, ఆమె కూర్చున్న చోటు చూసి చెప్పాడు. ప్రసంగాలు చిన్నవైపోయాయి. మనుషులు మాత్రం పడవలు కట్టుకుని వచ్చేవారు. ఓబేదు పోయిన రోజున అన్ని రేవుల్లోనూ పడవలు ఆగిపోయాయంటారు.

ఆ లంకల్లో ఇప్పటికీ, ఎవరైనా సాక్ష్యానికి లేస్తే, ఆడవాళ్ళలో పెద్దామె ఒక మాట అంటుంది.

"అమ్మ వింటోంది. చెప్పు నాయనా."

కొందరు చెప్తారు. కొందరు కాసేపు నిలబడి, ఏమీ చెప్పకుండా కూర్చుంటారు. వాళ్ళని చూసి ఎవరూ నవ్వరు.